ముందు చక్రం నాది

మూడాకుల చక్రమంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. మామూలు సైకిల్ చక్రానికి సన్నటి ఉక్కు పుల్లలు ముప్పయ్యారు ఉంటాయి. దీనికి బండి చక్రం ఆకుల్లాగా వెడల్పాటివి మూడే ఉంటాయి. గూడూరు కాలేజీ కుర్రాళ్లు ఎరుపూ పచ్చా రంగుల్లో వీటిని తెప్పించి, బిగించుకుని, వారం రోజులు ఊరంతా తిరిగి, ఎనిమిదో రోజు గుంటలో పడి వంకరైన చక్రాన్ని తెచ్చి మా షాపు ముందు పడేస్తారు. పుల్లల చక్రమైతే ఒక పుల్ల బిగించి, దాని పక్కది వదులు చేసి, అరగంటలో దారికి తేవచ్చు. దీనికి బిగించడానికీ లేదు, వదులు చేయడానికీ లేదు. పాత ఇనుము వాడికి వేసుకోవడమే. పైగా బరువు. బస్టాండు దాకా పోయి టీ తాగి వచ్చేవాడికి గాలిని చీల్చుకుంటూ పోవాల్సిన అవసరమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా షాపు నిమ్మకాయల మార్కెట్టుకు ఎదురుగా ఉంటుంది. మా నాయన అల్లాబక్షు చేత బెండు తీయించుకోని సైకిలు గూడూరులో లేదు. నాకు పదేళ్లప్పుడు ఆ పని నేర్పించాడు. ఫోర్కుకు ఆనించి సుద్దముక్క పట్టుకుంటే, తిరిగే రిమ్ము ఎక్కడ వంకరగా ఉందో అక్కడ తెల్లటి గీత పడుతుంది. ఆ గీత దగ్గర పుల్లను సర్దాలి. అంతా అయ్యాక పుల్లల్ని ఒక్కొక్కటే వేలితో మీటుతూ పోవాలి. ఒక పక్కవన్నీ ఒకేలా పలికితే చక్రం కుదిరినట్టు.

ఇప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. అయినా నేను ముగించిన ప్రతి చక్రాన్నీ మా నాయన ఒళ్లో పెట్టుకుని, చుట్టూ మీటి, ఎక్కడో ఒక పుల్లను పావు తిప్పు తిప్పితే గానీ గిరాకీ చేతికి ఇవ్వడు. ఆ పావు తిప్పు అవసరం లేదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసని నా అనుమానం. ఆ పావు తిప్పుతో అది అల్లాబక్షు కట్టిన చక్రం అయిపోతుంది. గిరాకీ ఆయనకే సలాం కొట్టి పోతాడు. నేను నల్లటి చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటూ దాన్ని దిగమింగుకుంటాను.

నేను పందేలు కూడా తొక్కుతాను. గుంపుగా తొక్కే పందెం కాదు. ఒక్కొక్కరినే నిమిషానికొకరుగా వదులుతారు, ఇరవై కిలోమీటర్లు ఎవరు తక్కువ సేపట్లో తొక్కితే వాళ్లే గెలిచినట్టు. మా జిల్లా నుంచి రాష్ట్ర జట్టుకు ఆడపిల్లల్లో ఒక్కరినే తీసుకుంటారు. రెండేళ్లుగా ఆ చోటు నెల్లూరు అనూషది. పోయిన ఏడు నేను ఆమె కంటే యాభై సెకన్లు వెనక ఉన్నాను. ఆమెకు ఇంకా పంతొమ్మిదే. నాకు వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. అంటే ఈ ఏప్రిల్లో జరిగేదే నాకు ఆఖరిది. ఇందులో పోతే ఇక జీవితాంతం ఇతరుల సైకిళ్లకు గాలి కొట్టుకుంటూ, నేనూ ఒకప్పుడు తొక్కేదాన్ని అని గిరాకీలకు చెప్పుకోవాలి. ఆ మాట తలుచుకుంటేనే నాకు రోషం వస్తుంది.

పందేనికి మూడు వారాల ముందు మా జిల్లా క్లబ్బు సెక్రటరీ పెంచలప్రసాద్ గారు మమ్మల్ని అందరినీ నెల్లూరుకు పిలిపించాడు. ఆయన బామ్మర్ది కొత్తగా సైకిళ్ల షోరూం తెరిచాడట. టేబుల్ మీద నల్లగా నిగనిగలాడుతూ మూడాకుల చక్రాలు జతలు జతలుగా ఉన్నాయి. ఇవి కుర్రాళ్లు వేసుకునే రంగుల ఇనుము కాదు, కార్బన్‌వి. వేలితో ఎత్తితే లేస్తాయి. పందెం అయ్యేదాకా తలా ఒక జత అప్పుగా ఇస్తామని, క్లబ్బు తరఫున తొక్కే ప్రతి ఒక్కరూ ముందూ వెనకా ఇవే వేయాలని, గెలిచిన పిల్ల ఫొటో షోరూం గోడంత ఫ్లెక్సీ మీద వస్తుందని చెప్పాడు. ఇవి గాలి లేనప్పుడే బాగా పనిచేస్తాయి కాబట్టి పందెం ఉదయం ఆరింటికే మొదలుపెడతామని కూడా చెప్పాడు. జట్టుకు పేరు పంపే కాగితం మీద సంతకం ఆయనదే. అందుకని ఎవరూ కిక్కురుమనలేదు. నేనూ అంతే. గోతంలో చుట్టి తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చి మా నాయన ముందు ఆ చక్రాల్ని నోటికొచ్చినట్టు తిట్టాను. బెండు తీయడానికి వీల్లేనిది చక్రమే కాదన్నాను. ఆయన బీడీ ఆర్పి, ఆకుల మీద చెయ్యి వేసి అటూ ఇటూ నిమిరి చూశాడు.

“తిట్టేది తర్వాత తిట్టొచ్చులే పాపా. ముందు చూద్దాం ఇది ఏం చేస్తాదో.”

చూడటానికి ఆయన పద్ధతి ఆయనకుంది. గూడూరులో రైలు పట్టాల మీదుగా పోయే వంతెన ఉంది కదా, తెల్లవారగానే గాలి లేని వేళ దాని నడినెత్తికి పోయి, పెడల్ తొక్కకుండా సైకిల్‌ను కిందికి వదిలేయాలి. ఎక్కడ ఆగుతుందో అక్కడ రోడ్డు మీద సుద్దతో గీత. అదే సైకిలు, అదే నేను, టైర్లలో అంతే గాలి. ముందు నా పుల్లల చక్రాలతో మూడుసార్లు, తర్వాత మూడాకుల వాటితో మూడుసార్లు. పాల క్యాన్లు వేసుకుని పోయే ఓబయ్య బండి ఆపి, పందెం పిచ్చి ముదిరినట్టుందని నవ్వి పోయాడు.

మూడాకుల చక్రం పదమూడు అడుగులు ముందుకు పోయి ఆగింది. రోడ్డు తడిగా ఉందన్నాను. మర్నాడు మళ్లీ పోయాం. ఈసారి పదిహేను అడుగులు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. మా నాయన సుద్ద జేబులో వేసుకున్నాడు. నేను సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను. ఒప్పుకోక తప్పదు. బజారులో దండగమారి వస్తువే గానీ, చదునైన రోడ్డు మీద, గాలి లేని పూట, ఒంటరి పందెంలో దీన్ని మించింది లేదు. పదిహేను అడుగులంటే మాటలా? ఇరవై కిలోమీటర్లకు అవి పెరిగి అర నిమిషం పైనే అవుతాయి.

కానీ గూడూరు వంతెన మీద పందెం పెట్టలేదు కదా. పందెం బోగోలులో, సముద్రం పక్కన. అందుకే ఆ ఆదివారం మూడాకుల చక్రాలు రెండూ బిగించుకుని రైల్లో బిట్రగుంటలో దిగి ఆ దారి తొక్కి చూశాను. బోగోలు నుంచి తూర్పుగా పోయే రోడ్డు కొంతదూరం పొలాల మధ్య బాగానే ఉంటుంది. ఆ తర్వాత పాత కాలువ గట్టు వెంట ఉత్తరానికి తిరిగి మూడు కిలోమీటర్లు పోతుంది. అక్కడ రెండు వైపులా రొయ్యల గుంటలే. చెట్టనేది లేదు. సముద్రం మీదనుంచి వచ్చే గాలి నేరుగా పక్కటెముకల్లో తగులుతుంది. కాలువ మీద వంతెన దాటి పల్లె దగ్గర వెనక్కి తిరగాలి.

నేను కాలువ గట్టు మీదికి వచ్చేసరికి పొద్దు పదిన్నర. సముద్రపు గాలి లేచింది. ముందు చక్రం ఆ వెడల్పాటి ఆకుతో గాలిని పట్టుకుని హ్యాండిల్‌ను నా చేతుల్లోంచి లాక్కుంది. దారి ఎటు పోతుందో నేను చూస్తూనే ఉన్నాను, సైకిల్ మాత్రం తన దారిన తాను పోయి నన్ను సర్కారు తుమ్మలో కూర్చోబెట్టింది.

ఆ మధ్యాహ్నం మా అమ్మ షాహిదాబీ నన్ను మంచం మీద బోర్లా పడుకోబెట్టి ముళ్లు తీస్తూ, ఒక్కో ముల్లుకు ఒక్కో తిట్టు తిట్టింది. పెళ్లిచూపులకు ఎవరైనా వస్తే పిల్ల కూర్చోలేకపోతున్నదని ఏం చెప్పాలంది. నాకు నొప్పి కంటే ఆలోచన ఎక్కువగా ఉంది. నన్ను పడేసింది ముందు చక్రమే. వెనక చక్రాన్ని కూడా గాలి తోసింది గానీ అది దారి మార్చలేదు, ఎందుకంటే హ్యాండిల్ దాని చేతిలో లేదు. అంతే సంగతి. వెనక మూడాకులు ఉంచి, ముందర పుల్లలు వేస్తే, గాలి లేకపోతే సగం లాభం ఉంటుంది, గాలి ఉంటే ప్రాణం దక్కుతుంది. బోర్లా పడుకునే మా నాయనను కేకేసి ఈ మాట చెప్పాను. ఆయన గడప మీద కూర్చుని విని, తలూపాడు.

నా పాత ముందు చక్రం బరువు. మద్రాసు నుంచి చప్పటి పుల్లలు ఇరవై నాలుగు, తేలికపాటి రిమ్ము తెప్పించి కొత్తది కట్టాను. నాలుగు రోజులు పట్టింది. కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. సుద్దముక్క ఎక్కడ ఆనించినా గీత చుట్టూ సమానంగా పడేదాకా వదల్లేదు. షాపులో గిరాకీ ఎక్కువగా ఉండటంతో మా నాయన దాన్ని చూడనే లేదు. ఎప్పుడో పట్టుకుంటాడు, పావు తిప్పు తిప్పుతాడు అని ఎదురుచూస్తూనే ఉన్నాను. పందెం ముందు రోజు దాకా అది గోడకు వేలాడుతూనే ఉంది.

పెంచలప్రసాద్ గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. వంతెన మీద పదిహేను అడుగులు ముందుకు పోయిందని కూడా దాచకుండా చెప్పాను. కాలువ గట్టు సంగతి, ముళ్ల సంగతి చెప్పి, తేలికగా ఉండే ఆడపిల్లలకు ముందర ఇది వద్దన్నాను. ఆయన ఆసాంతం విన్నాడు.

“రెండూ వేస్తేనే లైను మీదికి రా. లేదంటే రెండూ తెచ్చి నా టేబుల్ మీద పెట్టు. గూడూరు పంక్చరు షాపులో మాటలు నాకు చెప్పబాక.”

పంక్చరు షాపు అన్నందుకు కాదు, అది పంక్చరు షాపే. ఆ మాటను ఆయన పలికిన తీరు నా చెవుల్లో నుంచి పోలేదు. ఆ రాత్రి కార్బన్ ముందు చక్రాన్ని శుభ్రంగా తుడిచి గోతంలో కట్టి, తిరిగి ఇచ్చేయడానికి పక్కన పెట్టాను. సైకిల్‌కు ముందర నా చక్రం బిగించాను.

పందెం రోజు తెల్లవారుజామున నేనూ మా నాయనా గోతం మూటతో సహా మొదటి రైలు పట్టుకుని ఆరు లోపలే బోగోలు చేరాం. గాలి లేదు. రోడ్డు పక్కన షామియానా, దాని ముందు షోరూం ఫ్లెక్సీ, పద్నాలుగు సైకిళ్లు వరసగా. పదమూడింటికి ముందూ వెనకా మూడాకులే. ఆ నిమిషంలో వదిలి ఉంటే నేను ఓడిపోయేదాన్నే. ఇందులో దాపరికమేమీ లేదు.

వదల్లేదు. ముఖ్య అతిథి రావాలట. ఆయన జెండా ఊపకుండా పందెం మొదలుకాదట. ఏడయింది, ఎనిమిదయింది. కావలి దాటినారని ఒకసారి, స్నానం చేస్తున్నారని ఒకసారి ఫోన్లు వచ్చాయి. మాకు ఉప్మా పెట్టారు. గాలి లేని వేళ కావాలని ఆరు గంటల ముహూర్తం పెట్టిన మనిషే ఒక దండ, ఒక శాలువా పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఆ వేళనంతా చేజేతులా పోగొట్టుకుంటున్నాడు. నేను షామియానా మీది జెండాను చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదిన్నరకు అది వేలాడుతోంది. తొమ్మిదింటికి ఒకసారి కదిలి పడమటికి తిరిగింది. తొమ్మిదిన్నరకు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

అనూష నా పక్కనే గొడుగు కింద కూర్చుని ఉంది. మా ఇద్దరికీ ఎప్పుడూ పెద్ద మాటల్లేవు. ఆమె గెలుస్తుంది, నేను గుర్రుగా చూస్తాను, అంతే. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను. కాలువ గట్టు మీద ముందు చక్రం చేతిలో ఉండదని, మామూలు చక్రం ఉంటే మార్చుకోమని చెప్పాను. ఆమె నా పుల్లల చక్రం వైపు చూసి నవ్వింది. భయపడి నువ్వు మార్చుకున్నావు, నేను ఎందుకు మార్చుకోవాలి అంది. నాకు చుర్రుమంది. చెప్పడం నా వంతు, అయిపోయింది అనుకున్నాను.

ముఖ్య అతిథి పది దాటాక వచ్చాడు. సైకిళ్లకు పసుపూ కుంకుమా పెట్టి, ప్రతి చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, కొబ్బరికాయ కొట్టారు. ఆ బొట్లు పెట్టుకుంటూ వచ్చిన పెంచలప్రసాద్ గారు నా సైకిల్ దగ్గర ఆగిపోయాడు. ముఖం కందగడ్డ అయింది. అందరి ముందూ లైను మీద నుంచి పక్కకు జరగమన్నాడు.

నేను జరగలేదు. ముందు చక్రం తెల్లగీత మీద పెట్టి, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఏ రూలు కింద జరగాలో చెప్పండి, జరుగుతాను అన్నాను.

ఆ రోజు రెఫరీ సామ్రాజ్యం గారు. కావలి బడిలో ముప్పై ఏళ్లు ఆటల టీచరుగా చేసి రిటైరయిన మనిషి. మెడలో విజిలు, చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని ఆమె మా దగ్గరికి వచ్చింది. సంగతి విని, సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి ఆయన చేతికిచ్చింది.

“పుల్లల చక్రం వెయ్యకూడదని ఇందులో యాడుందో చూపించు ప్రసాదూ. ఉంటే ఈ పిల్లను నేనే పంపించేస్తా.”

ఆయన పుస్తకం తెరవలేదు. అతిథి చూస్తున్నాడని నవ్వు ముఖం పెట్టి, సరే, చివరన పోనీండి అన్నాడు. మూడో దానిగా పోవాల్సిన నన్ను పద్నాలుగో దాన్ని చేశాడు. నిమిషనిమిషానికీ గాలి పెరుగుతోందని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. నేను వెనక్కి వచ్చి నిలబడ్డాను. గాలితో నాకు తగాదా లేదు.

ఒక్కొక్కరే పోతుంటే నేను వరసలో ముందుకు జరుగుతున్నాను. ఇంకా నలుగురు ఉన్నారనగా మా నాయన వచ్చి నా సైకిల్ ముందర గొంతుక్కూర్చున్నాడు. ఆయన చేతిలో పుల్లలు తిప్పే కీ ఉంది. ఇప్పుడా, ఇక్కడా అని నాకు కోపం నెత్తికెక్కింది. ఆయన నా వైపు చూడకుండా చక్రాన్ని కాస్త ఎత్తి, చెవి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో పుల్లా మీటుతూ పోయాడు. ఇరవై నాలుగూ మీటాడు. మళ్లీ మొదటినుంచి మీటాడు. తర్వాత లేచి, కీని చొక్కా జేబులో వేసుకుని, పక్కకు పోయి నిలబడ్డాడు.

పావు తిప్పు కాదు కదా, వెంట్రుకంత కూడా తిప్పలేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. నాకు పట్టరాని సంతోషం వేసింది. విజిలు ఊదేసరికి నా కళ్లల్లో నీళ్లున్నాయి, రోడ్డు మసకగా కనిపించింది. అట్లాగే తొక్కాను.

పొలాల మధ్య ఎదురుగాలి. తల దించి, మోచేతులు దగ్గరకు తెచ్చి, ఊపిరి లెక్కపెట్టుకుంటూ తొక్కాను. కాలువ గట్టు మీదికి తిరగ్గానే గాలి పక్కనుంచి కొట్టింది. వెనక చక్రం ఒక్కసారి మొగ్గి, మళ్లీ నిలబడింది. ముందు చక్రం పుల్లల మధ్య నుంచి గాలి సాగిపోతుంటే సన్నటి ఈల వినిపించింది. హ్యాండిల్ నేను చెప్పిన మాట వింటోంది.

గట్టు మీద మొదట కనిపించింది రేవతి. దొరవారిసత్రం రైతుబిడ్డ, నాకంటే సన్నం. నడుము దాకా తడిసి, రొయ్యల గుంటలోంచి సైకిల్‌ను పైకి లాగుతోంది. గుంట కాపలా మనిషి ఆమెకు చెయ్యి అందిస్తూ రొయ్యలకు ఏమైనా అయితే ఎవరిది పూచీ అని అరుస్తున్నాడు. దెబ్బలేమీ తగల్లేదు, నన్ను చూసి పో పో అని చెయ్యి ఊపింది. ఇంకాస్త ముందుకు పోతే ఇద్దరు దిగి సైకిళ్లు నడిపించుకుంటున్నారు. అనూష మాత్రం నడవడంలేదు. పల్లె దగ్గర తిరిగి నాకు ఎదురుగా వస్తోంది. ఆమె పడలేదు, దిగలేదు. కానీ వంగి తొక్కే భంగిమ వదిలేసి, నిటారుగా కూర్చుని, రెండు చేతులూ బ్రేకుల మీద పెట్టుకుని, పళ్లు బిగించి వస్తోంది. ఆ చక్రంతో ఆ గాలిలో అంత దూరం పడకుండా వచ్చిందంటే ఆమె నాకంటే మంచి తొక్కుడుగత్తె. అది నాకు అప్పుడు తెలిసింది.

నేను నడుము ఎత్తలేదు. వంతెన మీద కూడా ఎత్తలేదు. తిరిగి వచ్చేటప్పుడు పొలాల మధ్య గాలి వీపున తగిలింది. అప్పుడు వెనక మూడాకుల చక్రం తన పని తాను చేసింది. దాన్ని నేను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. గీత దాటాక సైకిల్ దిగలేక షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాను.

సామ్రాజ్యం గారు కాగితం మీద రాసి, రాసింది అందరికీ వినపడేలా చదివింది. అనూషది ముప్పై ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు. నాది ముప్పై ఏడు నిమిషాల మూడు సెకన్లు. తొమ్మిది సెకన్లు. మా నాయన చేతులు కట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. గట్టిగా సంతోషించడం ఆయనకు చేతకాదు.

అప్పుడు పెంచలప్రసాద్ గారు నవ్వుతూ వచ్చాడు. మనిషిలో ఇంత మార్పు అంత త్వరగా ఎలా వస్తుందో నాకు తెలియదు. శభాష్ అన్నాడు. మన చక్రమే గెలిపించింది కదా అన్నాడు. వెనక చక్రం వాళ్లదే, ఆ మాటవరకు నిజమే. ఫొటోకు మాత్రం ముందర కూడా మూడాకులది బిగించమన్నాడు. గోతంలో ఉంది కదా, రెండు నిమిషాల పని అన్నాడు. జట్టుకు పంపే కాగితం మడతపెట్టి ఆయన చేతిలోనే ఉంది. సంతకం ఇంకా పెట్టలేదు. ఫొటో తర్వాత పెడతానన్నాడు.

నాకు కావాల్సింది ఆ కాగితమే. అందుకోసమే ఇంత. ఒక చక్రం విప్పి ఇంకోటి పెట్టడానికి నిజంగానే రెండు నిమిషాలు చాలు. నేను గోతం మూట విప్పి, ఆ చక్రాన్ని తీసి, ఆయన చేతిలో పెట్టాను.

“ఇది మీది సార్, తీసుకోండి. ఈ సైకిల్ ఇట్టానే గెలిచింది. ఫొటో దిగితే ఇట్టానే దిగతాది. లేదంటే నేను లేకుండా దిగండి.”

అయితే కాగితం కూడా నువ్వు లేకుండానే పోతుంది, రెండో పేరు రాసి పంపిస్తాను అన్నాడాయన. మెల్లగానే అన్నాడు. సామ్రాజ్యం గారు నోరు తెరవబోయింది. ఆమె కంటే ముందు అనూష లేచింది. ఆమె అరచేతులు బ్రేకులు పట్టి పట్టి ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“రెండో పేరు నాదే గదా సార్. నేను పోను. ఖాళీ కాగితం పంపించుకోండి.”

ముఖ్య అతిథి ఎందుకు ఆలస్యమని అడిగాడు. నాలుగు గంటలు మమ్మల్ని కూర్చోబెట్టిన మనిషి ఆలస్యం గురించి అడగడం నాకు నవ్వు తెప్పించింది. పెంచలప్రసాద్ గారు జేబులు తడుముకుని పెన్ను దొరకలేదన్నాడు. సామ్రాజ్యం గారు తన పెన్ను మూత తీసి అందించింది. ఆయన షామియానా గుంజకు ఆనించి సంతకం పెట్టాడు. కాగితం ఆమె సంచిలోకి పోయేదాకా నేను చూస్తూనే ఉన్నాను.

ఫొటో నా చక్రంతోనే దిగాం. తర్వాత అనూష మా దగ్గరికి వచ్చింది. నా సైకిల్ పక్కన కూర్చుని, ముందు చక్రం పుల్లల మీద వేలు వేసి మీటింది. పుల్లల పలుకును పోల్చుకోవడం ఆమెకు రాదు గానీ ఆ శబ్దం నచ్చినట్టుంది. తల ఎత్తి మా నాయనను అడిగింది.

“అంకుల్, ఇట్టాంటిది నాకూ ఒకటి కట్టి ఇస్తారా?”

ఇన్నేళ్లుగా గిరాకీలు అడిగినట్టే, ఆయన్నే అడిగింది. మా నాయన జేబులోంచి కీ తీశాడు. దాన్ని కాసేపు చేతిలో తిప్పి, నా చేతిలో పెట్టాడు.

“నా చెయ్యి పడలా తల్లీ దాని మీద. కట్టింది ఈ పిల్ల, ఈ పిల్లనే అడుగు.”

అనూష నా వైపు తిరిగింది. వారం పడుతుందని, చక్రం కావాలంటే నెల్లూరు నుంచి గూడూరు పంక్చరు షాపు దాకా తనే రావాలని, పెంచలప్రసాద్ గారికి వినపడేటంత గట్టిగా చెప్పాను.